ముద్ద నోట్లోకి ఎందుకు పోదు? తిండంటే భయపడే పిల్లల వందేళ్ల కథ

ఇవ్వాళ్టి ఎపిసోడ్ మన శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో మొదలుపెడదాం. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ ఇక్కడికి వచ్చేశాయి కదా, అప్పటినుంచి ఇక్కడ రోజూ కనిపించే సీన్ ఒకటి చెప్తా. మీరూ ఎప్పుడో చూసే ఉంటారు.

సెక్యూరిటీ చెకింగ్ దాటాక కుర్చీల్లో ఒక కుటుంబం కూర్చుంది. నాలుగేళ్ల బాబు. నానమ్మ పొద్దున్నే లేచి చేసిన పులిహోర డబ్బా తీసింది. ముద్ద నోటి దగ్గరికి వచ్చిందో లేదో, బాబు రెండు చేతులతో చెవులు మూసుకుని ఒక్కటే అరుపు. ముద్ద కింద పడింది. పక్కన కూర్చున్న పెద్దాయన ఊరుకుంటాడా, "రెండు తగిలిస్తే అదే తింటాడు" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా బ్యాగులోంచి ఒక బిస్కెట్ ప్యాకెట్ తీసింది. రోజూ తినే అదే కంపెనీ, అదే రంగు కవరు. బాబు తిన్నాడు. "చూశారా, గారాబం చేసి చెడగొట్టారు" అని ఇంకో తీర్పు వచ్చింది.

ఆ బాబు మొండివాడా? తప్పు అమ్మదా? ఈ ప్రశ్నలకి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. అందులో ఒక పెద్ద అధ్యాయం నడిచింది మన హైదరాబాద్‌లోనే.

ముందు ఒక మాట. రెండు మూడేళ్ల వయసులో పిల్లలందరూ తిండి దగ్గర సతాయిస్తారు. కొత్త కూర చూస్తే మొహం తిప్పేస్తారు. అది మామూలే, చాలామందికి కొన్నేళ్లలో తగ్గిపోతుంది. మనం మాట్లాడేది వేరే పిల్లల గురించి. వీళ్లకి వాసన, రుచి, చప్పుడు, నోట్లో తగిలే గరుకు, జిగట, ఇవన్నీ మనకి తెలిసినదానికంటే చాలా ఎక్కువగా తెలుస్తాయి. ఫోన్‌లో వాల్యూమ్ తగ్గించే బటన్ పనిచేయకపోతే ఎలా ఉంటుందో అలా. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఆటిజం లేని పిల్లల్లోనూ ఉంటుంది. బెండకాయ జిగురు మనకి చిరాకు, అంతే. వీళ్లకి అది డోకు వచ్చేంత భయం. పులిహోరలో మెత్తటి మెతుకు మధ్య పల్లీ, ఆవగింజ, కరివేపాకు ఒక్కసారే తగిలితే మనకి మజా. వీళ్లకి అది మెట్లు దిగుతుంటే మధ్యలో ఒక మెట్టు మాయమైనట్టు.

మరి పాతకాలంలో ఇలాంటి పిల్లలు లేరా? ఉన్నారు. వాళ్లకి పేరు లేదు, అంతే. మన ఇళ్లల్లో ఉగ్గుగిన్నె ఉండేది, ముక్కు ఉన్న చిన్న గిన్నె. కాళ్లు చాపుకుని, పిల్లని వాటి మీద పడుకోబెట్టి, ఉగ్గు గొంతులో పోసేవాళ్లు. 'ఉగ్గుపాలతో నేర్చుకున్నాడు' అనే మాట అక్కడిదే. మింగకపోతే ముక్కు పట్టుకోవడం కూడా ఉండేది, ఆముదం తాగించేటప్పుడు ముఖ్యంగా. పొలమారితే ప్రమాదమని ఇవాళ డాక్టర్లు మొత్తుకునేది దీని గురించే. అయినా తినకపోతే దిష్టి. ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసేవాళ్లు. అదే పెద్దవాళ్లు ఇంకో పని కూడా చేసేవాళ్లు. పిల్లని చంకనెత్తుకుని ఆరుబయటికి తీసుకెళ్లి, చందమామని చూపించి, కథ చెప్తూ గోరుముద్దలు పెట్టేవాళ్లు. తిరగమోత ఘాటు లేదు, పదిమంది మాటలు లేవు, చల్లగాలి, చిన్న ముద్ద. తెలియకుండానే పిల్లకి అడ్డొచ్చేవన్నీ తీసేశారన్నమాట. మా ఓటు దీనికే, ముక్కు పట్టుకోవడానికి కాదు.

ఆ ముసలమ్మల్ని తప్పుపట్టే ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కరువు చూసిన తరాలవి. అన్నం కాదంటే కళ్లు పోతాయని పిల్లల్ని భయపెట్టేవాళ్లు. ఇది ఒట్టి శాపం కూడా కాదు. తిండి సరిగ్గా అందక నిజంగానే పిల్లల కళ్లు పోయేవి. ఇక్కడే మన హైదరాబాద్ కథలోకి వస్తుంది.

1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక చిన్న పరిశోధన మొదలుపెట్టాడు, బెరిబెరి జబ్బు మీద. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కి మారింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ పక్కన చూస్తుంటాం కదా, ఎన్ఐఎన్, అదే. సి. గోపాలన్ నాయకత్వంలో ఈ సంస్థ చేసిన పని తక్కువది కాదు. విటమిన్ ఎ లేక పిల్లల చూపు పోతోందని తెలిసింది. ఆ విటమిన్ లివర్‌లో నిలవ ఉంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల డోసు ఒక చెంచాతో తాగిస్తే చాలని ఇక్కడి శాస్త్రవేత్తలు చూపించారు. 1970లో అది దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమం అయ్యింది. అంగన్‌వాడీలో మీకు చిన్నప్పుడు ఒక నూనె మందు చెంచాతో పోసి ఉంటారు, గుర్తుందా? అది మన ఊరి నుంచి దేశానికి వెళ్లిన ఐడియా.

ఇంకోటి, పేరే 'హైదరాబాద్ మిక్స్'. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు. దాంట్లో 330 కేలరీలు, 11 గ్రాములకి పైగా ప్రొటీన్. ఖరీదైన డబ్బాపాలు అక్కర్లేదు, కిరాణా కొట్టు సరుకుతో బక్కచిక్కిన పిల్లని నిలబెట్టొచ్చు. ఎంత గొప్ప లెక్క! ఇవాళ తెలంగాణ అంగన్‌వాడీల్లో నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్‌గా ఇచ్చే బాలామృతం వెనక ఉన్నది కూడా ఇలాంటి ఆలోచనే. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె.

కానీ ఈ లెక్కలో ఒక కాలమ్ లేదు. ఎన్ఐఎన్ 2017లో మన దేశపు ఆహారాల పట్టిక అచ్చేసింది. 528 ఆహారాలు. ఒక్కోదాంట్లో ఐరన్ ఎంత, కాల్షియం ఎంత, అన్నీ ఉన్నాయి. అది నమిలితే ఎంత చప్పుడు చేస్తుందో, నాలుక మీద పిండిలా అంటుకుంటుందో జారిపోతుందో చెప్పే కాలమ్ ఉండదు. ఉండాలని నేను అనట్లేదు, ఆ పట్టిక పని అది కాదు. నేననేది ఏంటంటే, ఆకలితో పోరాడిన ఊరికి ఒక అలవాటు పడింది. పిల్ల తినట్లేదంటే తిండి లేకపోయి ఉండాలి. కంచంలో తిండి ఉండి కూడా తినట్లేదంటే? అది పొగరు, లేదా పెంపకం లోపం. మూడో కారణం ఉండొచ్చని ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

ఆ మూడో కారణం వైపు చూసినవాళ్లు వేరే చోట్ల కొందరున్నారు. సముద్రం దాటి అమెరికా వెళ్దాం.

క్లారా డేవిస్ అని ఒక పిల్లల డాక్టర్. అప్పట్లో డాక్టర్లు పసిపిల్లలకి గడియారం చూసి, గ్రాములు తూచి పెట్టమనేవాళ్లు. పిల్లలు తినమని ఏడ్చేవాళ్లు. ఈమె ఏం చేసిందంటే, పాలు మరిచిన పసిపిల్లల ముందు 30కి పైగా రకాల తిండి, రోజూ కొన్ని కొన్ని, వేటికవి విడివిడిగా గిన్నెల్లో పెట్టింది. ఒకదాంట్లో ఒకటి కలపలేదు. నర్సు చెంచా పట్టుకుని ఊరికే కూర్చోవాలి. పిల్ల చేయి చాపితేనే ఆ గిన్నెలోంచి పెట్టాలి. తిను అనకూడదు, వద్దు అనకూడదు, మెచ్చుకోకూడదు కూడా. 1928లో మొదటి ఫలితాలు వచ్చాయి. మొత్తం 15 మంది పిల్లల్ని అలా చూశారు. అందరూ బలంగా పెరిగారు. ఎముకలు మెత్తబడే రికెట్స్ ఉన్న ఒక పిల్లాడు చేపనూనె తనంతట తనే తాగాడు. అదెంత ఘోరమైన వాసనో తాగినవాళ్లకి తెలుసు!

ఈ ప్రయోగాన్ని చాలామంది తప్పుగా వాడుకుంటారు. "పిల్లల్ని వదిలేస్తే వాళ్లకి కావల్సింది వాళ్లే తింటారు" అని. అక్కడ పెట్టినవన్నీ మంచి తిండే, బిస్కెట్లు, చిప్స్ లేవు. అది డేవిస్ కూడా చెప్పింది. నాకు అందులో నచ్చింది వేరే సంగతి. విడివిడి గిన్నెలు, నోరు మూసుకుని కూర్చున్న నర్సు. మన కంచం దీనికి పూర్తిగా రివర్స్ కదా. పప్పు, కూర, నెయ్యి, పచ్చడి అన్నీ అన్నంలో కలిపి, చుట్టూ పదిమంది "ఆ... అను" అంటుంటాం.

తర్వాత 1931. ఆర్థర్ ఫాక్స్ అనే కెమిస్ట్ ల్యాబ్‌లో పీటీసీ అనే పొడి గాల్లోకి లేచింది. పక్కనున్నాయన "ఛీ, ఎంత చేదు" అన్నాడు. ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొడి. కొందరు పుట్టుకతోనే కొన్ని చేదుల్ని గట్టిగా రుచి చూస్తారని అలా బయటపడింది. 2003లో దాని వెనకున్న జన్యువు కూడా దొరికింది. అంటే ఒకే కూర ఇద్దరి నాలుకల మీద ఒకేలా ఉండదు. "మేం తినలేదా కాకరకాయ" అనే వాదన ఇక చెల్లదు.

ఇప్పుడు అసలు ఘట్టం. 1943లో లియో కానర్ అనే డాక్టర్ 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజం అనే మాట ఇవాళ మనం వాడే అర్థంలో స్థిరపడటానికి మూలం అదే. ఆ వ్యాసంలో తిండి గురించి స్పష్టంగా ఉంది. ఆరుగురికి పసితనం నుంచే తిండి పెద్ద గొడవ. ఒకరు మొదటి ఏడాదంతా వాంతులు. ఒక పాపకి ఏడాది వచ్చేదాకా ట్యూబ్‌తో పెట్టాల్సి వచ్చింది. చప్పుళ్ల గురించి కూడా ఉంది. లిఫ్టులు, వాక్యూమ్ క్లీనర్లు, కుళాయి నీళ్లు, గుడ్లు గిలక్కొట్టే మర, ఆఖరికి గాలి చప్పుడు కూడా ఆ పిల్లల్ని హడలగొట్టేది. చూడండి, తిండి భయం, చప్పుడు భయం రెండూ ఒకే వ్యాసంలో ఉన్నాయి. మన ఎయిర్‌పోర్ట్ బాబు చెవులెందుకు మూసుకున్నాడో 1943లోనే రాసి పెట్టి ఉంది.

కానీ కానర్ ఆ రెండిటినీ ఇంద్రియాల సంగతిగా చదవలేదు. బయటి ప్రపంచం తమ ఒంటరితనంలోకి చొరబడుతోందని పిల్లలు ఎదిరిస్తున్నారు అనుకున్నాడు. పైగా తల్లిదండ్రులు ఆప్యాయత లేని మనుషులు అన్నట్టు రాశాడు. ఆ ముక్క పట్టుకుని లోకం తల్లుల మీద పడింది. ఫ్రిజ్ లాంటి చల్లటి తల్లుల వల్లే పిల్లలు ఇలా అయ్యారన్నారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం రాసి మరీ ఆ నింద మోపాడు. శంషాబాద్‌లో 'గారాబం చేసి చెడగొట్టారు', అమెరికాలో 'ప్రేమ లేక చెడగొట్టారు'. కారణం రివర్స్, ముద్దాయి మాత్రం ఒక్కరే, అమ్మ.

దాన్ని కొట్టింది బెర్నార్డ్ రిమ్లాండ్, స్వయంగా ఆటిజం ఉన్న అబ్బాయి తండ్రి. ఇది పెంపకం తప్పు కాదు, శరీరానికి సంబంధించిన విషయమని 1964లో పుస్తకం రాశాడు. 1969లో కానర్ కూడా తల్లిదండ్రుల సభలో నిలబడి మీ తప్పేం లేదని ఒప్పుకున్నాడు. 26 ఏళ్లు పట్టింది. ఈలోగా ఎంతమంది తల్లులు తమని తామే తిట్టుకుంటూ బతికారో.

ఇంద్రియాల దారి తెరిచింది జీన్ ఏర్స్, కాలిఫోర్నియాలో ఆక్యుపేషనల్ థెరపిస్ట్. కొందరు పిల్లల మెదడు స్పర్శని, చప్పుడుని, కదలికని సర్దుకోలేకపోతుందని 1972లో పుస్తకం తెచ్చింది. ఆమె చెప్పిన చికిత్స ఎంతవరకు పనిచేస్తుందన్న దానిమీద వాదన ఇప్పటికీ ఉంది. 'సెన్సరీ' అన్న బోర్డు కనిపించగానే లక్షలు కట్టేయకండి. కానీ 'ఈ పిల్లకి ఇది నిజంగా నొప్పి' అని చెప్పడం మాత్రం పెద్ద మలుపు. 2013లో అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 వచ్చాకే ఇంద్రియాల తేడా ఆటిజం గుర్తించే ముఖ్య లక్షణాల్లో చేరింది. అదే పుస్తకంలో ఏఆర్ఎఫ్ఐడీ అని ఇంకో పేరు కూడా వచ్చింది. లావైపోతామనే భయంతో కాదు, తిండి రూపం, వాసన, నోట్లో తగిలే తీరు భరించలేక తినని స్థితి కూడా అందులోకి వస్తుంది. 1943లో కాగితం మీద ఉన్నదానికి 2013లో పేరు. 70 ఏళ్లు.

పేరు పెడితే ఏం ఒరిగింది అంటారా? 2019లో ఇంగ్లండ్‌లో బయటపడ్డ ఒక కేసు చెప్తా. ఒక అబ్బాయి చిన్నప్పటి నుంచీ కొన్ని రకాల తిండి నోట్లో తగలడమే భరించలేడు. ఏళ్లతరబడి బంగాళదుంప ఫ్రైస్, చిప్స్, తెల్ల బ్రెడ్, కాస్త ప్రాసెస్ చేసిన మాంసం, అంతే. ఎత్తు, బరువు మామూలే. చూస్తే బక్కగా లేడు కాబట్టి అనుమానం రాలేదు. లోపల బీ12 లాంటివి అడుగంటాయి. పదిహేడేళ్లకి చూపు శాశ్వతంగా దెబ్బతింది. మన ఎన్ఐఎన్ చెంచా మందుతో కాపాడింది తిండి దొరకని పిల్లల కళ్లని. ఈ అబ్బాయి కళ్లు పోయింది అన్నీ దొరికే దేశంలో. "ఆకలేస్తే అదే తింటాడు, నాలుగు రోజులు మాడ్చండి" అనే సలహా ఎందుకు ప్రమాదమో అర్థమైంది కదా? ఈ పిల్లల్లో కొందరు ఆకలేసినా తినరు. తినలేరు.

మళ్లీ మన ఊరికొద్దాం. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ స్థాయి సంస్థ వచ్చింది. అప్పట్లో ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. మానసిక ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం పేరు ఎత్తింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో దాన్ని పెట్టింది. విచిత్రం చూడండి, తిండి సంస్థ తార్నాకలో, మనసు సంస్థ మనోవికాస్ నగర్‌లో. రెండూ ఒకే ఊరు. తినలేని పిల్ల మాత్రం ఆ రెండిటి మధ్యలో పడిపోయింది. ఒకరు రక్తం చూస్తారు, ఒకరు తెలివి చూస్తారు. నోరు ఎవరిది?

శంషాబాద్ నుంచి ఆ రెండూ ఊరికి అవతలి కొస. ఇక్కడ ఎయిర్‌పోర్ట్ చుట్టూ ఉండేవాళ్లలో కార్గోలో, క్యాబ్‌ల మీద, హౌస్‌కీపింగ్‌లో షిఫ్టులు చేసేవాళ్లు ఎంతోమంది. రాత్రి డ్యూటీ దిగొచ్చిన అమ్మకి మూడు కూరలు వండి మూడుసార్లు బతిమాలే ఓపిక ఎక్కడిది? బిస్కెట్ ప్యాకెట్ ఇస్తుంది. ఆ బిస్కెట్‌ని తిట్టే ముందు అది ఎందుకు గెలుస్తుందో ఆలోచించండి. ఫ్యాక్టరీలో చేసింది కాబట్టి ప్రతిదీ అదే రుచి, అదే చప్పుడు. మన పప్పు నిన్న ఒకలా, ఇవాళ ఒకలా ఉంటుంది. పిల్లకి కావల్సింది తీపి ఒక్కటే కాదు, నమ్మకం.

కాబట్టి థెరపిస్టులు ఆ నమ్మకం నుంచే మొదలుపెడతారు. తినేదాన్ని లాగేసుకోరు, దాని పక్కింటికి తీసుకెళ్తారు. బిస్కెట్ తింటే రస్కు, రస్కు తర్వాత కరకరలాడే దోసె అంచు, తర్వాత దోసె మధ్య. నెలలు పట్టొచ్చు. మామూలు పిల్లల మీదే 1982లో లియాన్ బర్చ్ చూసినప్పుడు, కొత్త రుచి ఎన్నిసార్లు నోటికి తగిలితే ఇష్టం అంతగా పెరిగింది, 20 సార్ల దాకా. మనం మూడోసారికే వాడికి నచ్చదని తేల్చేస్తాం. అరల కంచంలో వేటికవి విడిగా పెట్టడం, కొత్తది పక్కన ఉంచి ఊరుకోవడం, తినేచోట టీవీ, మిక్సీ ఆపడం, వీటికి రూపాయి ఖర్చు లేదు. బరువు తగ్గినా, తినే రకాలు ఒక్కొక్కటే రాలిపోతున్నా, మింగుతుంటే తరచూ పొలమారినా మాత్రం యూట్యూబ్ చూడకండి, నన్ను కూడా. ముందు పిల్లల డాక్టర్. పళ్లనొప్పి, టాన్సిల్స్, మలబద్ధకం లాంటివి కూడా తిండి మాన్పిస్తాయి. అంగన్‌వాడీ, బడి పిల్లల్ని పరీక్షించే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఎదుగుదల ఆలస్యమూ అందులో చూస్తారు, ఉచితం.

ఇక ఎయిర్‌పోర్ట్ సంగతి. 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్ట్ ఒక చిన్న పని చేసింది. పైకి కనిపించని ఇబ్బంది ఉన్నవాళ్లకి పొద్దుతిరుగుడు పూలున్న ఆకుపచ్చ మెడతాడు ఇచ్చింది. అది చూస్తే సిబ్బంది తొందరపెట్టరు. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకి పాకింది. విమాన టికెట్ల భాషలో డీపీఎన్ఏ అని ఒక కోడ్ కూడా ఉంది, ఎదుగుదల సంబంధమైన ఇబ్బంది ఉన్న ప్రయాణికుడికి సాయం కావాలని దాని అర్థం. బుక్ చేసేటప్పుడే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడగండి. పిల్లల తిండిని క్యాబిన్ బ్యాగులో తీసుకెళ్లొచ్చు, ప్రయాణానికి సరిపడా. వాడు తినే ఆ ఒక్క బిస్కెట్ రెండు ప్యాకెట్లు ఎక్కువ పెట్టుకోండి, విమానం లేటైతే గేటు దగ్గర అదే కంపెనీది దొరకదు. పులిహోర నానమ్మ తింటుంది, పక్కన కూర్చున్న పెద్దాయనకి కూడా కాస్త పెడుతుంది.